కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి

మా అమ్మ తట్టకి చెయ్యి వేసేది కాదు. భవానీపురం సందుల్లో చేపలమ్మే ఆడవాళ్ళు ఇంకా కొందరుండేవాళ్ళు, అందరూ తల మీది తట్టను ఒక చేత్తోనన్నా పట్టుకుని నడిచేవాళ్ళు. అమ్మ మాత్రం రెండు చేతులూ వదిలేసి, ఒకదాంతో చెంగు సర్దుకుంటూ, ఒకదాంతో కుక్కల్ని అదిలిస్తూ వెళ్ళేది. మలుపు తిరిగేటప్పుడు మెడ తిరగదు, మనిషంతా తిరుగుతుంది. కొల్లేటి గట్టున పుట్టిన మనిషి. నడక నేర్చిన ఏడాదే దోనె మీద నిలబడటం కూడా నేర్చుకున్నానని చెప్పుకునేది. పెళ్ళై బెజవాడ వచ్చాక కూడా ఆ నిలకడే ఆమె ఆస్తి.

నాన్న పోయాక నా చదువు పదో తరగతితో ఆగింది. ఇంట్లో జాకెట్లు కుట్టేదాన్ని. సాయంత్రాలు శాఖా గ్రంథాలయానికి వెళ్ళేదాన్ని. అక్కడ ఆడవాళ్ళ బల్ల అని ఒకటుండేది, దాని మీద చాలా రోజులు నేనొక్కదాన్నే. కథలూ నవలలూ అయిపోయాక చరిత్ర, చరిత్ర అయ్యాక వైద్యం, ఆ తర్వాత నిఘంటువులు చదివాను. కాలేజీలో చదివినవాళ్ళకి తెలియనివి నాకు కొన్ని తెలుసని లోపల ఒక గర్వం ఉండేది, ఇప్పటికీ ఉంది. ఆ గర్వం మా అమ్మకి నాకంటే ఎక్కువ. "మా పిల్ల బీరువా బీరువా చదివేసింది" అని బేరాల మధ్యలో చెప్పేది.

రెండువేల సంవత్సరం దాటిన కొత్తల్లో ఒక వేసవి ఉదయం. అమ్మ మా సందు చివర రిటైరైన టీచరమ్మగారి గుమ్మం ముందు ఆగింది. నేను కుట్టిన జాకెట్లు ఇవ్వడానికి అక్కడే ఉన్నాను.

"ఏంటమ్మా, ఇవాళ తట్ట వంకరగా ఉంది?" అన్నారు టీచరమ్మగారు.

"తట్ట కాదండీ, మీ ఇల్లే వంకరగా ఉంది" అంది అమ్మ. టీచరమ్మగారు నవ్వారు. నేనూ నవ్వాను. అమ్మ నవ్వలేదు. ఆ మాట వేళాకోళానికి అనలేదు, తనకి కనిపించింది చెప్పింది. మరుక్షణం తట్ట జారి బొచ్చెలూ శీలావతులూ రోడ్డు మీద పడ్డాయి. అమ్మ గేటు పట్టుకుని కూర్చుని వాంతి చేసుకుంది.

మా ఇంటి పక్కన ఒక అక్క ఉండేది. మిషను స్కూల్లో ఆయా. ఆమే పరిగెత్తుకొచ్చి ఒక పక్క పట్టుకుంది. "పొద్దున్నే పరగడుపున తిరుగుతావు, పైత్యం చేసింది వదినా" అంది. పేటలో ఉండే ఆరెంపీ కూడా పైత్యమే అన్నాడు, వాంతులు ఆగడానికి సూది వేశాడు. సాయంత్రానికి కూడా అమ్మ గోడ పట్టుకోకుండా నిలబడలేకపోయింది.

"కళ్ళు తిరుగుతున్నాయా?" అని అడిగాను.

"కళ్ళు తిరగటం నాకు తెలీదేంటే? ఇది అది కాదు. దోనె మీద నిలబడ్డట్టుంది. గెడ చేతిలో లేదు."

మర్నాడు పొద్దున్నే ఆటో మాట్లాడి ఊళ్ళో పెద్ద ప్రైవేటు ఆస్పత్రికి తీసుకెళ్ళాం. అక్క స్కూలుకి సెలవు పెట్టి వచ్చింది. అక్కడ ఉన్న డాక్టరు కుర్రవాడు, నెమ్మదస్తుడు. ఆయన్ని చెడ్డవాడని నేను ఎప్పుడూ అనుకోలేదు. అమ్మని మంచం మీద పడుకోబెట్టి, అట్టకి బిగించిన ఒక కాగితం ముందు పెట్టుకుని ఒక్కొక్కటే చేయించాడు. కుడి చెయ్యి ఎత్తమన్నాడు, ఎత్తింది. ఎడమది ఎత్తింది. కాళ్ళు ఎత్తింది. పళ్ళు చూపించమంటే చూపించింది. ఇది ఏ నెల అంటే చెప్పింది. వేలితో ముక్కు ముట్టుకోమంటే ముట్టుకుంది.

ఆ కాగితమేమిటని అడిగాను. ఆయన విసుక్కోకుండా చెప్పాడు. పక్షవాతం ఎంత తీవ్రంగా ఉందో కొలిచే పట్టీ అట. ఒక్కో పరీక్షకి మార్కులుంటాయి, ఎక్కువ మార్కులొస్తే జబ్బు ఎక్కువని అర్థం. "మీ అమ్మగారికి సున్నా వచ్చింది. చాలా మంచిది."

"బడి మొహం చూడకపోయినా సున్నా రానే వచ్చిందండీ బాబూ" అంది అమ్మ పడుకునే. నర్సులు కూడా నవ్వారు.

"ఇంత చక్కగా మాట్లాడుతున్నారు, పక్షవాతం ఏంటండీ" అన్నాడు డాక్టరు. "ఏమైందో మీ మాటల్లో చెప్పండి."

"దోనె మీద ఉన్నట్టుంది బాబూ."

"చేపల వాళ్ళు కదా, పడవే గుర్తొస్తుంది" అన్నాడు నవ్వుతూ, ఇంగ్లీషులో ఏదో ఒక ముక్క రాసుకున్నాడు. తల స్కాను తీయించాడు. అందులో ఏమీ లేదన్నారు. చెవి లోపల నీటి వల్ల వచ్చిందని చెప్పి, కళ్ళు తిరగకుండా మాత్రలు రాసిచ్చాడు. మంచం దగ్గర నుంచి ఆటో దాకా అమ్మని చక్రాల కుర్చీలోనే తెచ్చారు. ఆ ఆస్పత్రిలో అమ్మ పాదాలు నేలకి తగలనే లేదు.

ఆ సాయంత్రం నేను గ్రంథాలయానికి వెళ్ళాను. పక్షవాతం గురించి ఉన్నవన్నీ దించుకున్నాను. అన్నీ ఒక్కటే చెప్పాయి: మూతి వంకర పోతుంది, మాట తడబడుతుంది, ఒక పక్క కాలూ చెయ్యీ పడిపోతాయి. పక్షం అంటే పక్క, వైపు. జబ్బు పేరులోనే పక్క ఉంది. మన భాషలో మనుషులు కూడా దాన్ని అలాగే అడుగుతారు: "ఏ పక్క పడిందండీ?" అమ్మకి ఏ పక్కా పడలేదు. పడితే మనిషంతా పడుతోంది.

ఇంకో బీరువాలో బడిపిల్లల జీవశాస్త్రం ఉంది. మెదడు బొమ్మలో వెనక కింద చిన్న క్యాలీఫ్లవరులా ఒక ముక్క. అనుమస్తిష్కం. శరీరపు తూకం చూసుకునేది అదే అని రాసుంది. మెదడులో అన్ని చోట్లకీ రక్తం వెళుతుంది కదా, ఈ ముక్కకి వెళ్ళే రక్తం ఆగితే ఏమవుతుందనేది ఆ పుస్తకంలో లేదు. పక్షవాతం పుస్తకాల్లోనూ లేదు. రెండు బీరువాల మధ్య ఉన్న ఆ మాటని నేనే కలుపుకున్నాను.

మర్నాడు ఒక్కదాన్నే ఆ డాక్టరు దగ్గరికి వెళ్ళాను. ఓపీలో జనం. నా వంతు వచ్చాక నిలబడే అడిగాను.

"అనుమస్తిష్కానికి పక్షవాతం వస్తుందాండీ?"

"దేనికి?"

"అనుమస్తిష్కానికండీ."

ఆయన పెన్ను ఆపాడు. "అదేంటమ్మా, ఆయుర్వేదమా?"

ఆయన చదువంతా ఇంగ్లీషులో. నాదంతా తెలుగులో. ఒకే ముక్కకి ఆయన దగ్గరున్న పేరు నాకు తెలియదు, నా దగ్గరున్న పేరు ఆయనకి తెలియదు. "చిన్నమెదడండీ" అన్నాను. అప్పటికి నా వెనక నిలబడ్డ పెద్దాయన దగ్గుతూ ముందుకొచ్చేశాడు. డాక్టరు ఆయన చీటీ అందుకుంటూనే నాకు జవాబిచ్చాడు. "వెనక మెదడుకి వస్తే చూపు, మాట, ఏదో ఒకటి దెబ్బతింటాయమ్మా. ఆమెకి స్కోరు సున్నా. స్కాను నార్మలు. పుస్తకాలు చదివి భయపడకండి."

ఇంటికొచ్చి అమ్మకి చెప్పాను.

"చిన్నమెదడా?" అంది. "మీ నాన్న కూడా నన్ను అదే అనేవాడు."

మాత్రలు వేసుకుంటే కొంత నయంగానే ఉంది. గోడ వదిలి నాలుగడుగులు వేసేది. కాళ్ళు మాత్రం ఎడంగా పెట్టి నడిచేది, బురదలో నడిచినట్టు. తట్ట ఎత్తుకోవద్దన్నాను. ఇంట్లో కూర్చుంటే కొనేవాళ్ళు వేరేవాళ్ళకి అలవాటు పడిపోతారంది. తట్ట బదులు సంచీలో కాసిని రొయ్యలు పట్టుకుని సందుల్లోకి వెళ్ళింది, నేను వెనకాలే నడిచాను. కిళ్ళీ బడ్డీ దగ్గర నిలబడ్డ వాళ్ళలో ఒకడు అన్నాడు: "పొద్దున్నే దించిందిరోయ్."

తూలడం అనే మాట తాగినవాళ్ళ సొత్తైపోయింది. తూలే మనిషిని చూస్తే రెండో ఆలోచన రాదు ఎవరికీ.

అమ్మ ఆగి వెనక్కి తిరిగింది. తిరగడానికి కరెంటు స్తంభం పట్టుకోవాల్సి వచ్చింది. "మీ అమ్మతో కలిసే తాగాన్రా. ఆమె లేచిందేమో ఇంటికెళ్ళి చూసిరా."

బడ్డీ దగ్గర నవ్వులు. ఆడవాళ్ళు కిటికీల్లోంచి తొంగిచూశారు. ఆ రోజు అమ్మ గెలిచింది. అంత సూటిగా, అంత స్పష్టంగా ఆమె మాట వినపడటం అదే ఆఖరు.

ఆ వారంలోనే మళ్ళీ వచ్చింది. ఈసారి ఇంట్లో. కుట్టుమిషను పక్కన కూర్చుని వెల్లుల్లి ఒలుస్తున్న మనిషి ఉన్నట్టుండి వెనక్కి ఒరిగిపోయింది. అదే ఆస్పత్రి, అదే మంచాల వరస. వేరే డాక్టరు, అదే పట్టీ. మాట కొంచెం ముద్దగా ఉందని ఒక మార్కు వేశాడు. "ఒకటే. తక్కువే" అన్నాడు. చేర్చుకున్నారు.

మన ఆస్పత్రుల్లో రోగికి తిండి పెట్టడం, తల దువ్వడం, పక్క మార్చడం అన్నీ ఇంటివాళ్ళ పని. డాక్టరు వచ్చేసరికి రోగి శుభ్రంగా వెల్లకిలా పడుకుని ఉండాలి. అందుకని డాక్టర్లు చూసే మనిషి వేరు, మేము చూసే మనిషి వేరు. మధ్యాహ్నం గంజి తాగించడానికి అమ్మని లేపి కూర్చోబెట్టాను. చెయ్యి వదలగానే ఇసక బస్తాలా పక్కకి వాలిపోయింది. మళ్ళీ కూర్చోబెట్టాను. మళ్ళీ వాలింది. ఈసారి అటు పక్కకి. కాళ్ళలో బలముంది, చేతుల్లో బలముంది. నా మణికట్టు పట్టుకున్న పట్టు చూస్తే తెలుస్తోంది. ఆ బలాన్నంతా ఒకచోట నిలిపే మేకు ఊడిపోయింది.

నర్సు దగ్గరికి పరిగెత్తాను. "కూర్చోలేకపోతోందండీ."

"కళ్ళు తిరిగే పేషెంటుని లేపకూడదమ్మా. ఎందుకు లేపారు? పడుకోబెట్టే పట్టండి."

"పడుకుంటే బాగానే ఉందండీ. కూర్చుంటేనే..."

"అదే చెప్తున్నాను."

రౌండుకొచ్చిన డాక్టరుకి కూడా చెప్పాను. "ఒక్కసారి కూర్చోబెట్టి చూడండి సార్" అని బతిమాలాను. ఆయన అమ్మ చేతులు రెండూ పట్టుకుని లాగమన్నాడు. లాగింది. "బలం బాగుంది. నీరసం, అంతే. సెలైన్ పెడుతున్నాం కదా." అమ్మ ఆయన మొహంలోకి చూసి ఏదో అంది. నాకర్థమైంది, ఆయనకి కాలేదు. "ఏమంటున్నారు?" అని నన్నడిగాడు.

"నిలబెట్టమంటోందండీ."

"తొందరేముంది, తగ్గాక నిలబడతారు" అని పక్క మంచానికి వెళ్ళిపోయాడు.

మర్నాటికి తలనొప్పి అంది. ఆ తర్వాత పిలిస్తే పలకడం ఆలస్యమైంది. మధ్యాహ్నానికి కళ్ళు తెరవడం మానేసింది. అప్పుడు పరుగులు పెట్టారు. రెండోసారి తీసిన స్కానులో వెనక మెదడంతా వాచిపోయి ఉంది. పుర్రె వెనక భాగం తెరిచి ఒత్తిడి తగ్గించారు. బతికింది.

ఆపరేషను చేసిన పెద్ద డాక్టరు స్కాను ఫిల్ము దీపం ముందు పెట్టి నాకు చూపించాడు. బడిపుస్తకంలో నేను చూసిన క్యాలీఫ్లవరే. సగానికి పైగా నల్లగా ఉంది. పక్కనే ఒక చిన్న మచ్చ కాస్త పాతది అన్నాడు.

"అది మొదటిసారి వచ్చిందాండీ?"

"అయ్యుండాలి."

"అప్పుడే తెలిసుంటే?"

ఆయన ఆ మచ్చ మీద వేలు పెట్టాడు. "ఈ చోట వచ్చేవి మొదట స్కానులో సాధారణంగా కనపడవమ్మా. పట్టీలోనూ సరిగ్గా దొరకవు. ఆ పట్టీ చెయ్యీ కాలూ మాటా చూస్తుంది. నిలబెట్టి నడిపిస్తే దొరుకుతాయి. తెలిసుంటే రక్తం పలచబడే మాత్ర మొదలుపెట్టేవాళ్ళం. రెండోది ఆగేదేమో. ఆగకపోయేదేమో కూడా."

"దీన్ని తెలుగులో ఏమంటారండీ?"

"పక్షవాతమే."

ఏ పక్షమూ పడలేదు. నేను ఊహించింది నిజమైంది. జీవితంలో నా చదువు ఇంత కచ్చితంగా రుజువైన సందర్భం ఇంకొకటి లేదు. ఇలాంటి రుజువు పగవాళ్ళకి కూడా వద్దు.

ఇంటికి తెచ్చుకున్నాం. ఆ తర్వాత నాలుగేళ్ళు మా అమ్మ మంచం మీదే ఉంది. బుద్ధి చెక్కుచెదరలేదు. కాళ్ళలో బలం తగ్గలేదు, దుప్పటి తన్నేసేది. మాట ముద్దగా, సాగదీసినట్టు వచ్చేది, నాకూ అక్కకీ తప్ప అర్థమయ్యేది కాదు. కూర్చోబెట్టాలంటే చీర మడిచి కుర్చీకి కట్టాలి. ముద్ద నోటిదాకా తెచ్చుకోగలదు గాని తల నిలవదు. నేను తల పట్టుకుంటే తను తినేది. నేను మిషను మీద కూర్చుంటే ఆ తల పట్టుకునేవాళ్ళు లేరు. కుట్టుపని సగానికి సగం మానేశాను. గ్రంథాలయానికి అక్క స్కూలు నుంచి వచ్చిన సాయంత్రాలు మాత్రం వెళ్ళేదాన్ని. అది కూడా అమ్మ తరిమితేనే.

వికలాంగుల శిబిరం పెడుతున్నారంటే తీసుకెళ్ళాం. ధ్రువపత్రం ఉంటే పింఛను వస్తుందని అక్క ఆశ. షామియానా కింద పెద్ద వరస. పోలియో కాళ్ళవాళ్ళు, చూపు లేనివాళ్ళు, మిషన్లో చెయ్యి పోగొట్టుకున్నవాళ్ళు. అమ్మని కుర్చీకి కట్టే తీసుకొచ్చాం. బల్ల దగ్గరున్న డాక్టరు పొద్దుటి నుంచి ఎంతమందిని చూశాడో, చొక్కా తడిసిపోయి ఉంది.

"చెయ్యెత్తమ్మా. ఇంకోటి. నా వేళ్ళు పట్టుకో. గట్టిగా. కాలు చాపు." అన్నీ చేసింది. ఆయన నావైపు తిరిగాడు. "ఏంటమ్మా ప్రాబ్లెం?"

"కూర్చోలేదండీ. నిలబడలేదు. చిన్నమెదడుకి దెబ్బ తగిలింది. ఆపరేషను కాగితాలు ఇవిగోండి."

కాగితాలు చదివాడు. జాలిగానే చదివాడు. ఆ తర్వాత తన ఫారం నాకు తిప్పి చూపించాడు. "చూడమ్మా. చేతికి గడి ఉంది, కాలికి ఉంది. కన్ను, చెవి, బుద్ధిమాంద్యం. ఈవిడ కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయి. నేను పర్సెంటేజీ ఏ గడిలో వెయ్యను?"

"కుర్చీకి కట్టిన ఆ చీర విప్పి చూడండి సార్" అంది అక్క.

"చూశాననుకోండి, రాయడానికి చోటుండాలి కదండీ. జిల్లా మెడికల్ బోర్డుకి వెళ్ళండి."

జిల్లా బోర్డుకీ వెళ్ళాం. అక్కడ మంచం మీద పడుకోబెట్టి చూశారు. పడుకున్న మా అమ్మని చూసి జబ్బు మనిషి అని ఎవరూ అనలేరు. అక్కడా అదే మాట.

నేను పోట్లాడటం ఆపలేదు. అర్జీలు రాశాను, మంచి తెలుగులో రాశాను. ఆ సంగతి కాదు నేనిప్పుడు చెప్పేది. తిరిగివచ్చాక అమ్మలో వచ్చిన మార్పు చెప్పాలి. కొల్లేరు నుంచి చుట్టాలు చూడ్డానికి వచ్చేవాళ్ళు. దుప్పటి తన్నేసిన కాళ్ళు చూసి, తమలపాకు చిలకల్లా చుట్టే వేళ్ళు చూసి ఆశ్చర్యపోయేవాళ్ళు. "కాలూ చెయ్యీ పడిందన్నారు, లక్షణంగా ఉన్నాయే" అని ఒక పెద్దమ్మ అంది. "మనసు గట్టి చేసుకుని లేవాలే పిల్లా. మంచం అలవాటైతే అంతే." అంతకుముందైతే అమ్మ ఆ మాటకి ఆమెని వాకిట్లోనే నిలబెట్టి కడిగేసేది. ఇప్పుడు కాళ్ళ వేళ్ళు కదిపి చూసుకుంది.

ఒక మధ్యాహ్నం నేను జాకెట్టుకి హుక్కులు కుడుతుంటే పిలిచింది. దగ్గరికెళ్ళి చెవి వంచాను.

"ఆస్పత్రిలో డాక్టరు కాళ్ళూ చేతులూ బాగానే ఉన్నాయన్నాడు. శిబిరంలో ఆయనా అదే. బోర్డులో వాళ్ళూ అదే. అంతమంది చదువుకున్నోళ్ళు అబద్ధం చెప్తారేంటే?"

"అబద్ధం కాదమ్మా. వాళ్ళు చూసే చోట జబ్బు లేదు. వాళ్ళు చూడని చోట ఉంది."

"నువ్వు చూశావా?"

"ఫిల్ములో చూశాను. చిన్నమెదడు..."

"నువ్వు నా కూతురివి. అట్టాగే చెప్తావు." కాసేపు ఊపిరి తీసుకుంది. "నేనే లేవట్లేదేమోనే. నాకే బద్ధకం వచ్చిందేమో. నీ బతుకు పాడు చేత్తన్నానేమో."

నేను చదివినవన్నీ చెప్పాను. బడిపుస్తకంలో బొమ్మ గుర్తున్నంతవరకూ పలక మీద గీసి చూపించాను. చెవిలో నీరు కాదన్నాను, పైత్యం కాదన్నాను, బద్ధకం కానే కాదన్నాను. దోనె మీద ఉన్నట్టుందన్నావు చూడు, అందరికంటే ముందు నువ్వే సరిగ్గా చెప్పావన్నాను. వింది. చిన్నపిల్ల పాఠం చెబుతుంటే పెద్దవాళ్ళు వినే తీరులో, ప్రేమగా వింది.

ఆ తర్వాత నుంచి నేను నీళ్ళకనో బియ్యానికనో బయటికెళ్ళినప్పుడల్లా తనంతట తాను లేవడానికి ప్రయత్నించేది. తిరిగొచ్చేసరికి మంచానికీ గోడకీ మధ్య ఉండేది, నుదురు చిట్లి ఒకసారి, మోచెయ్యి వాచి ఒకసారి. కేకేసేది కాదు. నేను చంకల కింద చేతులేసి పైకి లాగుతుంటే, తప్పు చేస్తూ దొరికిపోయిన మనిషిలా నా మొహంలోకి చూసేది. "ఇంకొంచెం గట్టిగా అనుకోవాల్సింది" అనేది. రేపు లేస్తానని నాకు మాటిచ్చేది.

చివరి రోజుల్లో కూడా తనకి జబ్బు ఉందని మా అమ్మ నమ్మలేదు.